కట్ట తెగిన చోట

లాబాస్, గిమరాస్ దీవి
ఫిబ్రవరి 8, 2009

నానాయ్‌కు,

అత్తమ్మా, మీ చెయ్యి నా నుదుటికి ఆనించుకుని, దణ్ణం పెట్టి మొదలుపెడుతున్నాను. మీ తుంటి ఎముక అతుక్కుంటోందని మన ఊరి మనోంగ్ తాసియో అన్న చెప్పాడు. తన మోటారు పడవ బకోలోద్ వైపు వచ్చినప్పుడల్లా మిమ్మల్ని చూసి వస్తానని మాటిచ్చాడు, నిలబెట్టుకుంటున్నాడు. చల్లగా ఉండాలి ఆయన. మీకు ఫోనులో వినపడదు కాబట్టి మనకు ఈ కాగితాలే దిక్కు. నాకూ ఇదే నయం. ఫోనులో అయితే మీ తిట్లు అప్పటికప్పుడు పడాలి. ఉత్తరంలో అయితే కాఫీ తాగుతూ నెమ్మదిగా పడొచ్చు.

మీ పుట్టినరోజుకని గినామోస్ పంపాను. రొయ్యలు నేనే పట్టి, ఉప్పులో దంచి, మీరు నేర్పినట్టే మూడు వారాలు ఊరబెట్టాను. జాడీ మూతకు గుడ్డ కట్టాను, పడవలో ఒలకకుండా.

ఇంకో సంగతి. సోమవారం పొద్దున టోపీలు పెట్టుకున్న నలుగురు మన పాత చేపల చెరువులోకి దిగి, మడచెట్ల మధ్య ఎర్ర రంగు పూసిన కొయ్యలు పాతారు. "ఏంటయ్యా ఇవి?" అన్నాను. "ఇళ్లు కడుతున్నాం. రెండొందల నలభై. స్థలం గల పెద్దావిడ సంతకం పెట్టింది" అన్నారు.

మీరేనా నానాయ్?

మీరు మీ కూతురి దగ్గరికి వెళ్లి నాలుగేళ్లయింది. ఇప్పుడు చూస్తే అది చెరువని గుర్తుపట్టరు. పదహారేళ్ల కిందట తుఫానుకు కట్ట తెగి సముద్రం లోపలికొచ్చింది కదా, ఆ నీళ్ల వెంట కొట్టుకొచ్చిన పగత్‌పత్ మడచెట్ల గింజలు ఇప్పుడు కొబ్బరిచెట్టంత ఎత్తున నిలబడ్డాయి. వాటికి పెద్ద గబ్బిలాలు వేలాడుతున్నాయి. రెక్కలు విప్పితే నా చేతులు బార చాపినంత ఉంటాయి. మొదట పదో ఇరవయ్యో వచ్చాయి. ఇప్పుడు మూడు వేలు దాటాయని, లెక్కపెట్టిన కాలేజీ పంతులమ్మ చెప్పింది. ఆ చెట్ల వేళ్లలోనే మేం పీతలు పట్టేది, గుల్లలు ఏరేది.

మీ అబ్బాయి రెనాటో పడవ తిరిగిరాని రోజున అందరూ నన్ను పుట్టింటికి పంపేస్తారనుకున్నారు. మీరు వాకిట్లో నిలబడి "ఈ పిల్ల ఎక్కడికీ పోదు, ఈ ఇల్లు దీనిది" అన్నారు. ఆ మాట మీదే తొమ్మిదేళ్లుగా బతుకుతున్నాను. అందుకే ఇంకెవరినీ అడక్కుండా ముందు మిమ్మల్నే అడుగుతున్నాను.

మీ కోడలు
నెల్ఫా

*

బకోలోద్
ఫిబ్రవరి 20

ఇందాయ్,

బాగానే ఉన్నాను, అమ్మాయ్. కర్ర పట్టుకుని వంటింటి దాకా వెళ్తున్నాను, అక్కణ్ణుంచి మాగ్దా వెనక్కి తరుముతోంది. కన్నకూతురే, కానీ నర్సు ఉద్యోగం చేసి చేసి తల్లిని కూడా మంచం నంబరుతో చూస్తోంది. టీవీలో ఎవరు ఏడుస్తున్నారో కనిపిస్తుంది, ఎందుకు ఏడుస్తున్నారో వినపడదు.

గినామోస్ అన్నావు. ఏ గినామోస్? నా పుట్టినరోజుకు లాబాస్ నుంచి ఎండుచేప ముక్క కూడా రాలేదు. పంపకపోతే పంపలేదని రాయి, తప్పేముంది.

సంతకం పెట్టింది నేనే. కంపెనీ తరఫున ఒకతను వచ్చాడు, మర్యాదస్తుడు, నా చెవి దగ్గరికి వంగి మాట్లాడాడు. కొలతలు వేయడానికి ఒప్పుకున్నాను. అమ్మకం సంగతి పత్రాలు చూశాక. నీకు తెలియనిది ఇంకొకటి చెబుతున్నాను విను. మొదటి వరసలో, సముద్రం కనిపించే ఇల్లు ఒకటి నీ పేరున ఇవ్వాలని షరతు పెట్టాను. సిమెంటు గోడలు, కుళాయి, లోపలే బాత్‌రూమ్. తాటాకు కప్పు కింద ఎన్నాళ్లు తడుస్తావు? నాకు కృతజ్ఞత చెప్పాల్సింది పోయి గబ్బిలాల గురించి రాస్తావా?

ఆ చెరువు మీ మామ దమాసో రెండు చేతులా తవ్వింది. పదకొండు హెక్టార్ల మడ గొడ్డలితో కొట్టాడు. ఆయన చెమట అంతా వృథాగా బురదలో పడి ఉంటే, దాని మీద తలకిందులుగా వేలాడే జంతువులు కాపురం పెట్టాయని నేను సంతోషించాలా? ఆరేసిన బట్టల మీద వాటి రెట్ట పడితే ఏ సబ్బుకూ పోదు.

కడుపు నిండా తిను. పోయినసారి తాసియో నువ్వు చిక్కిపోయావన్నాడు.

నానాయ్ సల్వాసియోన్

*

లాబాస్
మార్చి 5

నానాయ్‌కు,

నాకోసం ఇల్లు అడిగారని చదివి చాలాసేపు ఉత్తరం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఇంకెవరు అడుగుతారు నాకోసం? అందుకు మీకు మొక్కుతున్నాను. కానీ ఆ ఇల్లు నాకొద్దు. కోపం తెచ్చుకోకుండా ఎందుకో వినండి.

ఇక్కడ పదిహేడు మంది ఆడవాళ్లం ఆ మడ మీదే బతుకుతున్నాం. పెద్దవాళ్లలో మనాంగ్ ఊర్సింగ్ అక్క, చిన్నవాళ్లలో పడవ బాగుచేయమని రోజూ మొగుణ్ణి పోరే కొత్త పెళ్లికూతురు. చెరువు ఉన్నన్నాళ్లూ ఆ బురదలో గుల్ల అనేదే ఉండేది కాదని ఊర్సింగ్ అంటుంది. చెట్లొచ్చాక గుల్లలొచ్చాయి, పీతలొచ్చాయి, చేపపిల్లలు దాక్కోవడానికి వేళ్లొచ్చాయి. పగత్‌పత్ పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, ఆ వేళకు దాని తేనె తాగేది గబ్బిలాలే. అవి లేకపోతే కాయ లేదు, కాయ లేకపోతే కొత్త చెట్టు లేదు. ఇదంతా పంతులమ్మ చెప్పింది. నేనైతే ఇన్నేళ్లూ వాటిని దెయ్యాలనుకుని దణ్ణం పెట్టేదాన్ని.

మేం పదిహేడు మందిమీ ఒక సంఘం పెట్టుకున్నాం, మడ దగ్గర ఒక బోర్డు నిలబెట్టాం, మునిసిపల్ హాలుకు అర్జీ ఇచ్చాం. ఏప్రిల్ 24న అందరినీ పిలిచి వింటారట.

అది తెలిసిన మర్నాడు కంపెనీ మనుషులు పట్టపగలు టపాకాయలు తెచ్చి చెట్ల కింద కాల్చారు. మూడు వేల గబ్బిలాలు ఒక్కసారిగా లేచాయి నానాయ్. ఎండ నల్లబడింది. తల్లులు పిల్లల్ని పొట్టకు కరిపించుకుని ఎగురుతాయి, కంగారులో కొన్ని జారిపోయాయి. మామిడికాయలు రాలినట్టు బురదలో పడ్డాయి. ఊర్సింగ్ తన గుల్లల బుట్ట ఖాళీ చేసి వాటిని ఏరింది. "ఏంట్రా, పసిబిడ్డలున్న ఇంట్లో బాంబులేస్తారా? మీ అమ్మ మిమ్మల్ని ఇలాగే పెంచిందా?" అని వాళ్ల వెంట పడింది. డెబ్బై ఏళ్ల మనిషి, మోకాలి లోతు బురదలో.

గినామోస్ జాడీ తాసియో తన చేత్తో మాగ్దాకు ఇచ్చాడట. వాసన పడకపోతే పడలేదని రాయండి. ఈసారి అరటిపళ్లు పంపుతాను.

మీ
నెల్ఫా

*

బకోలోద్
మార్చి 16

నెల్ఫా,

మాగ్దా పేపరు తెచ్చి నా ముందు పరిచింది. అందులో నీ ఫోటో. నీ వెనక బోర్డు. బోర్డు మీద పెద్ద అక్షరాలు: "ఇది మనది."

ఎవరిది? మీ పదిహేడు మందిదా? కొయ్యలు కూడా పీకేశారట. మర్యాదస్తుడు మళ్లీ వచ్చాడు, ఈసారి చెవి దగ్గరికి వంగలేదు. "మీ కోడలు స్థలం ఆక్రమించేలా ఉంది" అని కాగితం మీద రాసి చూపించాడు. అది చదవడానికి నాకు కళ్లజోడు కూడా అక్కర్లేకపోయింది.

కొడుకు పోయాక కోడల్ని ఉంచుకోవద్దని నాకు చెప్పనివాళ్లు లేరు. నేను వినలేదు. దానికి ఇదా ఫలం? వాసన పడలేదా అని నన్నే ఎత్తిపొడుస్తావు. నేను గినామోస్‌తో అన్నం తిని పెరిగినదాన్ని.

ఇకమీదట స్థలం సంగతి మాగ్దా చూసుకుంటుంది. నాకు రాయాల్సిన పని లేదు.

సల్వాసియోన్

కింద పడ్డ పిల్లలు బతికాయా? మాగ్దా అడుగుతోంది.

*

లాబాస్
మార్చి 29

నానాయ్‌కు,

రాయొద్దన్నారు, కానీ చివర ఒక ప్రశ్న వేశారు. జవాబివ్వకపోతే మాగ్దా ఏమనుకుంటుంది?

పదకొండు దొరికాయి. నాలుగు బతికాయి. దూది ఒత్తుతో పాలు పట్టాం. అరటిపండు చిదిపి పెడితే ఇప్పుడు తింటున్నాయి. మన వంటింట్లో, మీరు ఉల్లిపాయలు వేలాడదీసే వాసానికే వేలాడుతున్నాయి. మిగతా మూడు వేలూ ఎటో వెళ్లిపోయాయి. చెట్లు ఖాళీగా ఉన్నాయి. ఊర్సింగ్ ప్రతి పొద్దునా వెళ్లి చూసి, ఏమీ మాట్లాడకుండా తిరిగొస్తోంది.

కొయ్యల్లో రెండు ఊర్సింగ్ పీకింది, ఒప్పుకుంది. మిగతావి ఆటుపోట్లకు బురదలోంచి అవే ఊడి తేలాయి.

బోర్డు మీద "మనది" అంటే మాకు మాత్రమే అని కాదు. రాసింది నేనే. రాసేటప్పుడు మీరూ, మామా, రెనాటో, పీతలూ గబ్బిలాలూ అన్నీ అందులోనే ఉన్నాయనుకున్నాను. ఇంకో రెండు మాటలు చేర్చి ఉండాల్సింది. పలక చిన్నది.

నన్ను ఇల్లు ఖాళీ చేయమంటే చేస్తాను. మీరిచ్చిందే, మీరు తీసుకోవచ్చు, ఒక్క మాట అనను. కానీ 24న సభలో మాత్రం మాట్లాడతాను. మీ మేలు మరిచిపోయి కాదు. నోరు మూసుకుని ఊరుకుంటే, మీరు ఇంట్లో ఉంచుకున్న మనిషి నేను కాకుండా పోతాను. మీ పేరు ఎత్తాల్సి వస్తే గౌరవంగానే ఎత్తుతాను.

నెల్ఫా

*

బకోలోద్
ఏప్రిల్ 10, గుడ్ ఫ్రైడే

ఇందాయ్,

మొదట జాడీ సంగతి. మాగ్దా డ్యూటీకి వెళ్లినప్పుడు సబ్బు కోసం వంటింటి తొట్టి కింద వెతికాను. బ్లీచు సీసాల వెనక నీ గుడ్డ కట్టిన జాడీ కనిపించింది. నాకు బీపీ అని, ఉప్పు తినకూడదని దాచిందట. నన్ను కాపాడాలనే చేసింది, దాన్ని ఏమీ అనకు. నేను అనాల్సినవన్నీ అనేశాను. ఇవాళ ఉపవాసం, అయినా పచ్చిమామిడి ముక్కకు రాసుకుని ఒక్కటి తిన్నాను. క్షమించు, ఇందాయ్. నిన్ను తిట్టిన ఉత్తరం గుర్తొచ్చి రెండో ముక్క పక్కన పెట్టేశాను.

ఇప్పుడు అసలు సంగతి. ఇది ఎవరికీ చెప్పలేదు. కూర్చుని చదువు.

కంపెనీవాళ్లు పట్టా అడిగారు. మీ మామ రేకుపెట్టె తెరిచాను. పట్టా లేదు. ఉండదని నాకు లోపల ఎక్కడో తెలుసు. ఉన్నది ప్రభుత్వం ఇచ్చిన కౌలు కాగితం, చేపల చెరువు కోసం ఇరవై ఐదేళ్లకు. 1979 నుంచి 2004 వరకు. అయిదేళ్ల కిందటే అయిపోయింది. మనం ఎప్పుడూ ఆ నేలకు యజమానులం కాదు. ఊరంతా "సల్వాసియోన్ గారి చెరువు" అంటుంటే వినడానికి బాగుండేది. ఆ మాట పోగొట్టుకోలేక ఊరుకున్నాను. ఆ ఇల్లు కూడా ఆ నేల మీదే ఉంది. నీది అని వాకిట్లో నిలబడి ఇచ్చానే, నాది కానిది ఇచ్చాను.

ఇంకొకటి. తుఫానుకు కట్ట తెగలేదు.

చెరువులో వేసిన రొయ్యలకు వరసగా రెండో ఏడు కూడా తెగులొచ్చి తెల్లగా తేలిపోయాయి. మీ మామ కట్ట మీద కూర్చుని, "సల్వా, మా అమ్మ ఇక్కడే పీతలు పట్టి నన్ను పెంచింది. నేను మడ కొట్టేశాక ఒక్క పీత చూడలేదు" అన్నాడు. నేను "అన్నం చల్లారిపోతోంది, లేవండి" అన్నాను. అంతకన్నా మంచి మాట నాకు తోచలేదు. తర్వాత తుఫాను వచ్చింది. కట్ట రాయిలా నిలబడింది. మర్నాడు తెల్లవారుతుండగా ఆయన పార భుజాన వేసుకుని వెళ్లి, తను పోసిన కట్టను తనే తెగ్గొట్టాడు. ఇంటికొచ్చి బురద కాళ్లతో నిలబడి, "తుఫాను అని చెప్పు. తవ్వినవాడే తెంచాడంటే నవ్వుతారు" అన్నాడు. చెప్పాను. పదహారేళ్లుగా చెబుతూనే ఉన్నాను.

కాబట్టి ఆయన చెమట వృథా అయిందని నేను రాసింది అబద్ధం. ఆయన ఆఖరి చెమట ఆ చెట్లే.

24న వస్తున్నాను. తాసియోకు కబురు పెట్టాను. మాగ్దా నాతో మాట్లాడటం మానేసింది, అయినా నా మందులు డబ్బాలో సర్దుతోంది. నువ్వు రాసిన ఉత్తరాలకు కృతజ్ఞురాలిని. అవి లేకపోతే ఆ పెట్టె తెరిచినా, చూసి మళ్లీ మూసేసేదాన్ని.

నీ నానాయ్

*

లాబాస్
ఏప్రిల్ 28

నా నానాయ్‌కు,

సభ అవగానే మాగ్దా మిమ్మల్ని పడవ ఎక్కించేసింది, సరిగా ఒక్క మాట చెప్పుకోవడానికి కూడా కుదరలేదు. మీకు ముందు వరసలో కుర్చీ వేశారు. ముందు జరిగింది మీరు చూశారు. వెనక ఎవరేమన్నారో మీకు వినపడలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మీరు కర్ర పట్టుకుని లేచినప్పుడు కంపెనీ లాయరు చిన్నగా, "ఆవిడ మన తరఫే" అన్నాడు. మీరు కౌలు కాగితం తీసి మేయరు బల్ల మీద పెట్టాక ఆయన ఇంకేమీ చిన్నగా అనలేదు. "ఇన్నేళ్లూ మీదేనని చెప్పుకున్నారు కదా?" అని గట్టిగా అరిచాడు. దానికి మీరు, "చెప్పుకున్నాను బాబూ. బాగా అలవాటైంది. ఇవాళ మానేస్తున్నాను" అన్నారు. హాలంతా నవ్వింది. మిమ్మల్ని చూసి కాదు నానాయ్. ఊపిరి వదిలినట్టు నవ్వారు.

తర్వాత మీరు మామ సంగతి చెప్పారు, పార సంగతి. చెప్పి మీరు వెనక్కి తిరిగి చూశారు, ఎవరైనా నవ్వుతున్నారేమోనని. అప్పుడు ఊర్సింగ్ పెదవులు కదలడం మీరు చూసే ఉంటారు. ఆమె అన్నది ఇది: "మాకు తెలుసు."

ఆ తెల్లవారుజామున ఆమె, ఆమె భర్త వల తీయడానికి ఒడ్డుకు వెళ్లారట. మామ కట్ట మీద పార వేయడం చూశారట. చెమటకు చొక్కా విప్పేసి, మధ్య మధ్య ఆగి కళ్లు తుడుచుకుంటూ తవ్వాడట. మధ్యాహ్నానికి ఊళ్లో అందరికీ తెలిసింది. "ఆయన తుఫాను అన్నాడు. అందుకని మేమూ తుఫాను అన్నాం" అంది ఊర్సింగ్. నా పక్కనున్న ముసలాయన కూడా తలూపాడు. రెనాటోకూ తెలుసట. తెలియనిది నాకొక్కదానికే. మీరేమో ఊరి దగ్గర దాచారు, ఊరేమో మీ దగ్గర దాచింది.

మీరు బయటికి వెళ్తుంటే అందరూ లేచి నిలబడ్డారు, అది చూశారు. చూడనిది చెబుతాను. మాగ్దా ఆఖరి వరసలో, మందుల డబ్బా ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. "జాడీ దాచినందుకు నా మీద కోపమా?" అంది. "ఉప్పు తగ్గించి మళ్లీ చేసి పంపుతాను, వదినా" అన్నాను.

మామ గురించి అలా నిలబడి చెప్పినందుకు మీకు ఎలా కృతజ్ఞత చెప్పుకోవాలో తెలియడం లేదు. ఇల్లు పోతుందని మీరు దిగులుపడొద్దు.

మీ కూతురు
నెల్ఫా

*

లాబాస్
జూలై 19

నానాయ్‌కు,

ఉత్తర్వు వచ్చింది. గుమస్తా చదివి వినిపించాడు. ఆ నేల మళ్లీ అడవి లెక్కలోకి వెళ్లింది, కాపలా బాధ్యత మా సంఘానిది. కంపెనీవాళ్లు గుడారం ఎత్తేశారు. కొండవైపు బీడు భూమి చూసుకున్నారట. అక్కడ కట్టుకుంటే మాకేం అభ్యంతరం? ఇళ్లు లేనివాళ్లకు ఇళ్లు కావాలి కదా.

ఇల్లు మాత్రం అడవి నేల మీంచి తీసేయాలన్నారు. న్యాయమే. ఊర్సింగ్ తన మామిడితోట మూలన చోటిచ్చింది. "కాగితం మీద రాసి మరీ ఇస్తున్నా, నాకు సల్వాసియోన్ లాగా పదహారేళ్లు దాచే ఓపిక లేదు" అంది.

శనివారం ఇల్లు మోశాం, వెదురు కాళ్ల మీద నిలబెట్టిన తేలిక ఇల్లే కదా. ఇంటి అడుగున అడ్డంగా, నిలువుగా వెదురుబొంగులు కట్టి, నలభై మంది భుజానికెత్తుకున్నారు. మీ మంచం, రెనాటో ఫోటో, బియ్యపు డబ్బా అన్నీ లోపలే ఉన్నాయి. తాసియో ముందు నడుస్తూ "కుడి! ఎడమ! ఒరే, నీ ఎడమ వేరేనా?" అని అరుస్తున్నాడు. పెద్దరోడ్డు మధ్యకు వచ్చేసరికి అందరికీ భుజాలు పడిపోయాయి. దించేశారు. రోడ్డు మధ్యలో ఇల్లు. ఊర్సింగ్ మెట్లెక్కి లోపలికి వెళ్లి పొయ్యి వెలిగించి కాఫీ పెట్టింది. కూర్చున్నవాళ్లు కూర్చుని, నిలబడ్డవాళ్లు నిలబడి తాగాం. ప్రయాణికులతో జీప్నీ బండి ఒకటి వచ్చి ఆగింది. డ్రైవరు హారన్ కొట్టి, "ఎవరిదయ్యా ఈ ఇల్లు?" అన్నాడు. నలభై మందీ ఒక్కసారే మీ పేరు చెప్పారు. డ్రైవరు దిగి తనూ ఒక కప్పు తాగాడు.

గబ్బిలాలు వచ్చాయి. మూడు వేలు కాదు. నిన్న పొద్దున లెక్కపెడితే నూట పన్నెండు. మేం పెంచిన నాలుగూ వాటిలో ఉన్నాయో లేవో తెలియదు, అన్నీ ఒకేలా ఉంటాయి. ఊర్సింగ్ ఇవాళ చూసొచ్చి మాట్లాడింది. ఆపకుండా మాట్లాడుతూనే ఉంది.

మీ
నెల్ఫా

*

బకోలోద్
జూలై 27

ఇందాయ్,

ఆదివారం తాసియో పడవలో వస్తున్నాను. మాగ్దా ఉత్తినే దింపడానికి వస్తానంటోంది, కానీ నాలుగు రోజులు సెలవు పెట్టుకుంది, బట్టలు కూడా సర్దుకుంది. ఏమీ తెలియనట్టు ఊరుకో.

నేను లేనప్పుడు నా ఇల్లు మోసి, నా పొయ్యి మీద కాఫీ కాచుకుని తాగినవాళ్లందరి పేర్లూ ఒక్కటి కూడా వదలకుండా రాసి ఉంచు. ఆ డ్రైవరు పేరు కూడా కనుక్కో. ఒక్కొక్కరి ఇంటికీ కర్ర పట్టుకుని నేనే వెళ్లాలి. చెప్పాల్సిన మాట ఒక్కటే, కానీ నలభై ఒక్కసార్లు చెప్పాలి. వయసైపోయింది, తొందరగా మొదలుపెట్టాలి.

నానాయ్